శీతకాలమున శతశృంగ యాత్ర

పర్వతారోహణమనగానే మంచు కప్పిన హిమాలయములును, త్రాళ్ళు, మంచుగొడ్డళ్ళు ధరించిన వీరులును మనస్సునకు తోచుట సహజము. మన బంగారు గనుల ప్రాంతపు బాలబాలికలకు మాత్రము ఎక్కుటకంటె దిగుటయే తాతల కాలమునుండి తెలిసిన విద్య. మీ తాతలు చాంపియన్ రీఫ్ గనిలో భూమికి అడుగున సుమారు 3.2 కిలోమీటర్ల లోతువరకు దిగి పనిచేసిరి. అచ్చటి రాతి వేడిమి 65 డిగ్రీల సెంటిగ్రేడు వరకు ఉండెడిది. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడిన పిమ్మట ఆ దిగుడు ముగిసినది. ఇక ఎక్కుటకు మనకు మిగిలినవి సైనైడు దిబ్బలు. బంగారము తీసిన పిదప పారబోసిన రాతిపొడి మూడు కోట్ల టన్నులకు పైబడి మన ఇండ్ల ప్రక్కనే గుట్టలై నిలిచియున్నది. వానిపై ఆడవలదని పెద్దలు ఎన్నిమార్లు చెప్పినను, సాయంకాలము వాని పైకి ప్రాకు పిల్లలను నేను చూచుచునే యున్నాను. గాలి వీచిన దినమున ఆ ధూళి ఊపిరితోబాటు లోపలికి పోవును. ఎక్కవలెనను కోరిక పిల్లలకు పుట్టుకతో వచ్చినది. దానికి తగిన చోటు చూపుట పెద్దల పని. అట్టి చోటు మనకు ముప్పది కిలోమీటర్ల దూరముననే కలదు.

కోలారు పట్టణమునకు ఆనుకొని మూడు నాలుగు కిలోమీటర్ల దూరమున నిలిచియున్న కొండల వరుసకు శతశృంగ పర్వతమని పేరు. నూరు శిఖరములు గలదని అర్థము. ఎవరు లెక్కించిరో తెలియదు కాని, బస్సులోనుండి చూచినవారికి ఆ పేరు అతిశయోక్తి యనిపించదు. పాండురాజు కుంతీమాద్రులతో తపస్సు చేసినదియు, పాండవులు జన్మించినదియు శతశృంగమున ననియే ఆదిపర్వము చెప్పును. అయితే ఆ శతశృంగము ఉత్తరమున గంధమాదనమునకు ఆవల నున్నది. మనది దాని పేరు పంచుకొన్న కొండ. ఈ కొండలో కొంత యెత్తున కాశీవిశ్వేశ్వరాలయమును, దాని ముంగిట రాతిబసవని నోటినుండి కోనేటిలోనికి జారు ఊటయు గలవు. ఆ ఊటకే అంతరగంగ యని పేరు. పేరు ఊటదే యైనను, ఇప్పుడు కొండయంతటిని అంతరగంగ యనియే పిలుచుచున్నారు.

గడచిన డిసెంబరు నెలలో ముప్పదిమంది విద్యార్థినీ విద్యార్థులను వెంటబెట్టుకొని మేము ముగ్గురు ఉపాధ్యాయులము ఈ కొండ నెక్కితిమి. విద్యార్థి తండ్రి ఒకరు కూడ వచ్చిరి. ఆ దినమున నేర్చుకొన్నదియు, నేను చేసిన ఒక పొరపాటును దాచక వ్రాయుచున్నాను. రానున్న సంవత్సరములలో పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులు దీనిని చదువవలెనని నా కోరిక.

శీతకాలమునే ఏల ఎన్నుకొంటిమనగా, ఏప్రిల్, మే మాసములలో ఈ బండలు పెనమువలె కాగును. పదిగంటలు దాటినచో చేయి పెట్టలేము. వానకాలమున పాచిపట్టి జారును. మన జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సగటున సుమారు 70 నుండి 75 సెంటీమీటర్లు. తక్కిన మాసములకంటె సెప్టెంబరు, అక్టోబరు మాసములలో వాన హెచ్చుగా పడును. కావున ధనుర్మాసము వచ్చునప్పటికి కొండలోని దొనలు నిండి, ఊట బలముగా నుండి, ఆకాశము నిర్మలమై, బండలు పొడిబారి యుండును. చేలలో అనపకాయలు కాపునకు వచ్చు దినములు కూడ అవియే. చలి యొక్కటే కష్టము. తెల్లవారుజామున కోలారు మైదానమున పొగమంచు దట్టముగా నుండును.

దుస్తుల విషయమున తల్లులు సాధారణముగా ఒక పొరపాటు చేయుదురు. చలికి వెరచి ఒకే మందపు ఉన్నికోటును తొడిగించి పంపుదురు. ఎక్కుట ఆరంభించిన పావుగంటకే బిడ్డకు చెమట పట్టును. కోటు తీసినచో తడిసిన చొక్కాకు గాలి తగిలి వణకు పుట్టును. తీయకున్నచో ఆయాసము కలుగును. ఒక మందపు బట్టకంటె రెండు మూడు పలుచని బట్టలు మేలు. ఒక్కొక్కటిగా తీయవచ్చును, నిలిచినప్పుడు మరల వేసికొనవచ్చును. పాదములకు పట్టియుండు బూట్లు కావలెను. పట్టీల చెప్పులు పనికిరావని ఉత్తరములో వ్రాసి పంపితిమి. అయినను నలుగురు పిల్లలు చెప్పులతోనే వచ్చిరి. వారి యింట బూట్లు లేకపోవుటయే కారణమని నాకు తెలియును గనుక ఏమియు ననలేదు. ఒక్కొక్కరికి లీటరున్నర నీరు, చిత్రాన్నము, వేరుసెనగకాయలు, బెల్లపుముక్క. వీనిని సంచిలో లోపలికి పెట్టి మూతికట్టి యుంచవలెను. ఏలయనగా మెట్లపొడవున కోతులు కాచుకొనియుండును. వాని కంటికి కాగితపు పొట్లము చాలు. ఆనాడు మా సంఘమున మొదట ఆహారము కోల్పోయినది గణిత ఉపాధ్యాయులు.

ప్రతివానికి ఒక ఈల ఇచ్చితిమి. ముందు ఒకరు, వెనుక ఒకరు ఉపాధ్యాయులు నడువవలెను. ముందున్నవారిని ఎవరును దాటరాదు, వెనుకనున్నవారి వెనుక ఎవరును ఉండరాదు. త్రోవ తప్పినవాడు అడుగు కదలక ఉన్నచోటనే నిలిచి మూడుసార్లు ఈల వేయవలెను. ఈ మూడు నియమములను బస్సులోనే అందరిచేత వల్లెవేయించితిమి.

కొండ అడుగున దిగునప్పటికి ఇంకను సూర్యుడు పొడమలేదు. పట్టణపు దీపములు మంచులో పసుపుముద్దలవలె కనబడుచుండెను. మా వెంట రెండు ఉష్ణమాపకములు తెచ్చితిమి. ఒకటి, మోకాళ్ళనొప్పిచేత క్రిందనే నిలిచిపోయిన ఆ తండ్రిగారి చేతికిచ్చితిమి. రెండవది మాతో పైకి వచ్చెను. నేను విద్యార్థుల నడిగితిని: "పైన చలి ఎక్కువా, క్రిందనా?" భూగోళము చదివిన వారందరును "పైనే" అనిరి. గాలిలో ప్రతి వేయి మీటర్ల ఎత్తునకు సుమారు ఆరున్నర డిగ్రీల వేడిమి తగ్గునని పుస్తకములో నున్నది. కోలారు పట్టణము సముద్రమట్టమునకు సుమారు 820 మీటర్ల ఎత్తున నున్నది. కొండనెత్తి సుమారు 1200 మీటర్లు. నడుమ భేదము నాలుగు వందల మీటర్లకు లోపు. ఈ లెక్కన పైన రెండున్నర డిగ్రీల చలి హెచ్చుగా నుండవలెను.

గుడికడకు చేరి మాపకమును చూచి, అదే నిమిషమున సెల్‌ఫోనులో క్రిందివారి నడిగితిమి. ఫలితము తలక్రిందులైనది. పైదే కొంచెము వెచ్చగా నుండెను! పిల్లలు మాపకము చెడినదనిరి. చెడలేదు. మేఘములు లేని శీతకాలపు రాత్రి నేల తన వేడిమిని ఆకాశములోనికి విడిచిపెట్టి చల్లబడును. దాని నంటిన గాలియు చల్లబడి, బరువెక్కి, నీటివలె చరియలమీదుగా జారి పల్లమున నిండును. కావుననే తెల్లవారుజామున చెరువులమీదను, పల్లపు చేలమీదను మంచు పేరుకొనును. కొండనడుము దానికి పైన, వెచ్చని గాలిలో నుండును. దీనికి శాస్త్రజ్ఞులు ఉష్ణ విలోమమని పేరిడిరి. ఎండ ముదిరి నేల వేడెక్కినప్పుడు ఈ అమరిక చెదరి, పుస్తకములోని లెక్కయే సరియగును. మధ్యాహ్నము కొండనెత్తిన మరల పరీక్షించితిమి. అప్పుడు పైదే చల్లగా నుండెను. పుస్తకమును, కొండయు రెండును నిజమే పలికినవి. వేళ మాత్రమే వేరు.

ఇక ఊట. బండమీద పడిన వాన జారిపోవునుగదా, ఈ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నదని ఏడవ తరగతి విద్యార్థి ఒకడు ప్రశ్నించెను. ఉత్తమమైన ప్రశ్న. కాశీనుండి భూగర్భమార్గమున వచ్చుచున్నదని భక్తులు చెప్పుకొనుట కలదు. భూగర్భశాస్త్రము చెప్పు మార్గము ఇంకను దగ్గరది. ఈ కొండ గ్రానైటు జాతి శిలలతో ఏర్పడినది. ఆ శిల పుట్టి 250 కోట్ల సంవత్సరములు దాటినవి. గట్టి గ్రానైటు నీటిని పీల్చదు. కాని కొండ యంతయు ఒకే గట్టిముక్క కాదు. దానిలో నిలువుగను, అడ్డముగను నెఱియలు గలవు. కొండనెత్తి మనము క్రిందనుండి ఊహించునట్లు కొనదేరి యుండక విశాలమైన మెరకనేలయై, మన్ను గలిగి, తేరహళ్ళి మొదలైన చిన్న గ్రామములకును, చేలకును చోటిచ్చినది. ఆ మన్నులో ఇంకిన వాననీరు నెఱియలలో దిగి, దిగి, ముందుకు దారిలేని గట్టిబండ తగిలినచోట ప్రక్కకు తిరిగి చరియలో బయటపడును. వాన వెలిసిన ఎన్నో నెలలకు గూడ బసవని నోట నీరు పడుచుండుటకు కారణము, ఆ నడక మిక్కిలి మెల్లనిదగుటయే.

ఇది మనకు వినోదపు సంగతి కాదు. కోలారు జిల్లాలో ఏడాదిపొడవున పారు నది ఒక్కటియు లేదు. మన గనులకు త్రాగునీరిచ్చిన బేతమంగల చెరువు పాలారు వాగు నిండిననే నిండును. చెరువులు ఎండుటచే బోరుబావులు వేయి అడుగులు దాటి దిగినవి. 2018 నుండి బెంగుళూరు నగరపు వాడుకనీటిని శుద్ధిచేసి మన చెరువులకు పంపుచున్నారు. నెత్తిన మన్నును, చెట్టును నిలుపుకొన్న కొండ ఏ యంత్రమును లేకయే నీటిని దాచి, నెమ్మదిగా ఇచ్చుచున్నదని కోనేటి గట్టుమీద కూర్చుండి చెప్పునప్పుడు, పిల్లలు నిజముగనే నిశ్శబ్దముగా వినిరి. గనుల కాలనీలలో బిందెలు వరుసబెట్టినవారి బిడ్డలకు ఆ పాఠమును వివరింప నక్కరలేదు.

గుడి దాటిన పిమ్మట మెట్లు లేవు. పెద్ద పెద్ద గుండ్లు ఒకదానిపై నొకటి పడియుండి, వాని నడుమ గవులును, సందులును ఏర్పడినవి. ఎవరో రాక్షసులు పేర్చినట్లుండును గాని పేర్చినది నీరే. నెఱియలలో దిగిన నీరు రాతిలోని కొన్ని ఖనిజములను మెల్లగా మన్నుగా మార్చును. చదరపు ముక్కకు మూలలయందు మూడు ప్రక్కలనుండి దెబ్బ తగులును గాన మూలలే ముందుగా అరిగి ముక్క గుండ్రనగును. ఉల్లిపొరలవలె పొరలు ఊడును. నడుమ మన్ను వానకు కొట్టుకొనిపోగా గుండ్లు మాత్రము ఒరిగి నిలుచును. తెలంగాణమునందలి భువనగిరి కోట బండయు ఈ జాతి రాయియే. 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నెక్కిన మాలావత్ పూర్ణ యను గురుకుల పాఠశాల విద్యార్థిని మొదట రాతిపై పాదము మోపుట నేర్చినది అచ్చటనే. అప్పటి కామెకు పదునాలుగేండ్లు నిండలేదు. ఈ సంగతి చెప్పగానే మా బాలికలు బాలురకంటె ముందు గుండ్లపైకి ప్రాకసాగిరి!

ఇక్కడనే నా పొరపాటు జరిగినది. ఒక గవిలో చిన్నపిల్లలను చేయిపట్టి దాటించుటకు మనుష్యులు చాలక, వెనుక నడుచుచున్న ఉపాధ్యాయుని నేనే ముందునకు పిలిచితిని. ఐదు నిమిషములకే యని తలచితిని. గవి దాటి వెలుతురులోనికి వచ్చి లెక్కించగా ఇరువదితొమ్మిది. మరల లెక్కించితిని. ఇరువదితొమ్మిదియే. ఎనిమిదవ తరగతి బాలిక ఒకతె లేదు.

ఆ క్షణమున నా నోరెండిపోయినది. ఇంతలో ఈల వినబడెను, మూడుసార్లు. అయితే బండల నడుమ ధ్వని తగిలి తగిలి నాలుగు దిక్కులనుండియు వచ్చుచున్నట్లుండెను. పిల్లలందరు తలకొక వైపు పరుగెత్తబోయిరి. వారిని గట్టిగా ఆపి, కూర్చుండబెట్టి, ఒక ఉపాధ్యాయుడు ఎత్తైన గుండు నెక్కి చెవియొగ్గెను. సందులో నిలిచినవానికి దిక్కు తెలియని ధ్వని ఎత్తున నిలిచినవానికి తెలియును. పావుగంట లోపుననే ఆ బాలిక కనబడెను. మాకు అరువది అడుగుల దూరములోనే యున్నది. చెప్పుపట్టీ తెగగా దానిని రుమాలుతో కట్టుకొనుటకు వంగినది. తలయెత్తునప్పటికి ముందున్నవారు మలుపు తిరిగిరి. మలుపులో సందులు రెండు. ఏ సందు మాదో ఆమెకు తెలియలేదు.

"భయమేసింది సార్. అయినా మీరు చెప్పినట్టే ఉన్నచోటే నిలబడినాను," అనెను. ఆమె నియమమును తప్పలేదు. తప్పినది నేను. వెనుకనున్నవాడు వెనుకనే ఉండవలెనన్న మాట వల్లెవేయించినవాడనే, పని తొందరలో దానిని తీసివైచితిని. బలముగల నడకగాండ్రను చూచి సంఘపు వడిని నిర్ణయించుటయు నా దోషమే. అప్పటినుండి ఆ బాలికనే అందరికంటె ముందు నడిపించితిమి. తెగిన చెప్పుతో ఆమె ఎంత వడిగా నడిచిన అందరము అంతే వడిగా నడిచితిమి. ఒకరిద్దరు గొణిగిరి గాని, కొండనెత్తికి చేరుటలో ఆలస్యమైనది అరగంటయే.

పైన మేకలను కాయుచున్న అవ్వ ఒకతె మాకు ఎదురైనది. ఒక విద్యార్థి కన్నడమున దారి యడిగెను. ఆమె అతని ముఖము చూచి నవ్వి, "ఏ ఊరు నాయనా మీది? ఎడమ దావన పోవద్దండి, బండ జారుతుంది. కుడికి తిరుక్కోండి," అని తెలుగున బదులు చెప్పెను. పుస్తకములలో 'దారి', మన యిండ్లలో 'దావ'. ఇంటిలో పలుకుటకును బడిలో సిగ్గుపడు ఆ మాటను కొండనెత్తిన విని పిల్లలు ఒకరినొకరు చూచుకొనిరి. పలకలు లేవుగాని, అక్కడనే ఒక చిన్న భాషాపాఠము జరిగినది. ఎత్తైన నేలకు మనకెన్ని మాటలు! దిబ్బ, తిప్ప, గుట్ట, గట్టు, కొండ. నున్నని రాయి గుండు, పరచుకొన్నది బండ. కొండ ప్రక్క చరియ, రెండు కొండల నడుమ దారి కనుమ. బండలో నీరు నిలిచిన పల్లము దొన. ఇసుకను త్రవ్వి నీరు తోడు గుంట చెలమ. "కన్నడమున చిలుమె యన్న ఊటయే గదా సార్?" అని ఒక బాలుడనెను. నిజమే. చెలమయు, చిలుమెయు ఒక తల్లి బిడ్డలే. రెండు భాషల నడుమ పెరిగినవానికి గాక ఇతరులకు ఈ చుట్టరికము ఇంత త్వరగా తోచదు.

అవ్వ చూపిన దారిలోనే మెరక అంచునకు వెళ్ళి భోజనము చేసితిమి. మంచు విడిపోయి మైదానమంతయు కనబడెను. చెరువులలో కొన్నియందు నీరు మెరయుచుండెను, కొన్ని తుమ్మచెట్లతో పచ్చబడియుండెను. మేమెక్కిన ఎత్తునకు ఎనిమిది రెట్లు మన గని లోతని లెక్కకట్టి చెప్పగా, గని కార్మికుల మనుమలే నమ్మలేదు. కాగితముపై భాగాహారము చేసి చూపవలసి వచ్చెను.

దిగుట ఎక్కుటకంటె సులభమని తలచుట పొరపాటు. అలసిన కాళ్ళు దిగునప్పుడే జారును. అందుచే ఈసారి మాటలాడక, ఒక్కొక్క గుండు దగ్గర ఆగి, ముందునుండి వెనుకకు అంకెలు పలుకుచు దిగితిమి. కడపటి అంకె పలుకుటకు వెనుకనున్న ఉపాధ్యాయుడు ఆ దినమున మరల స్థానము విడువలేదు. మూడున్నర గంటలకు బస్సు దగ్గర ముప్పదియు సరిపోయినది. బాలిక తన సీసాలో అంతరగంగ నీటిని నింపి తెచ్చినది, తాతకట.

సోమవారము ఆమె తరగతికి వచ్చి ఆ తాతగారి మాట నాకు చెప్పినది. ఆయన చాంపియన్ రీఫ్‌లో పనిచేసినవారు. త్రోవ తప్పిన సంగతియంతయు విని, "మీరు పొద్దుటినుంచీ ఎక్కిన ఎత్తు మేము బోనులో రెండు నిమిషాల్లో దిగేవాళ్ళం. అయితే దిగినవాళ్ళెందరో, పైకొచ్చినవాళ్ళెందరో బిళ్ళలు లెక్కపెట్టకుండా మాత్రం ఊరుకొనేవాళ్ళు కాదమ్మా. మీ అయ్యవారికి చెప్పు," అన్నారట.